జానెడు జుట్టు

పూర్ణా మార్కెట్లో తాళ్లమ్మే కొట్టు ముందుకి వచ్చేసరికి నా నడక దానంతట అదే నెమ్మదిస్తుంది. చుట్టలు చుట్టలుగా పేర్చిన కొత్త తాళ్ల నుంచి ముందు ఎండుగడ్డి వాసన, దాని వెనక కాస్త నూనె వాసన, ఇంకా వెనక ఎక్కడో గోనెసంచి తడిసి ఆరినప్పటి వాసన వస్తాయి. నేను రెండు నిమిషాలు ఎక్కువ నిలబడితే కొట్టతను "గేదికా అమ్మా, నూతికా?" అని అడుగుతాడు. నాకు గేదె లేదు, నుయ్యీ లేదు. నేనుండేది ఆడవాళ్ల హాస్టల్లో. అక్కడ ఇస్త్రీపెట్టెనే ఉంచుకోనివ్వరు, గేదె సంగతి చెప్పక్కర్లేదు. "ఊరికే చూస్తున్నానండీ" అంటాను. తాళ్లని ఊరికే చూసేవాళ్లు ఊళ్లో ఎక్కువమంది లేనట్టున్నారు, అతను నన్ను బాగా గుర్తుపెట్టుకున్నాడు.

అది మా నాన్న చేతుల వాసన. నాన్న హార్బర్లో పనిచేసేవాడు. హార్బరనగానే అందరూ ఓడలూ దేశాలూ ఊహించుకుంటారు గాని, ఆయన ఓడెక్కి ఎరగడు. రేవులో ఒక రేకుల షెడ్డులో బాసింపట్టు వేసుకు కూర్చుని, సరుకు ఎత్తి దించే తాళ్లు ఎక్కడ చీకిపోయాయో కళ్లు మూసుకుని చేత్తో తడిమి కనిపెట్టి, అక్కడ పేటలు విప్పి, ఒకదాంట్లో ఒకటి దూర్చి మళ్లీ అల్లడం ఆయన పని. తను అల్లినచోట తాడు తెగిందని ఇంతవరకూ ఎవరూ అనలేదని చెప్పేవాడు. తెగితే అనడానికి కింద ఉన్నవాడు మిగలడని కూడా ఆయనే చెప్పేవాడు. అందుకని ఆ చేతులకి ఒక్కటే విద్య వచ్చు: బిగించడం.

మేముండేది మల్కాపురంలో, రెండు గదుల పెంకుటింట్లో. ఒకవైపు నుంచి నూనె శుద్ధిచేసే కార్ఖానా వాసన, ఇంకోవైపు నుంచి ఓడలకెత్తే ఇనపరాయి దుమ్ము. ఉతికి ఆరేసిన పంచె సాయంత్రానికి లేత ఎరుపెక్కేది కాబట్టి, మా వీధిలో తెల్లచొక్కా అనేది ఒక ఉద్దేశం మాత్రమే. వేసవిలో ముంజెలవాళ్లు అరుగుల మీదకి వచ్చేవాళ్లు, ముంజెలోని నీళ్లు మోచేతుల దాకా కారేవి. వానాకాలంలో ఎండు రొయ్యలు వేయించిన కంపు ఇంటింటికీ తిరిగి పలకరించేది, నాగులచవితికి చిమ్మిలి దంచిన రోళ్లు మధ్యాహ్నం దాకా నువ్వుల నూనెతో మెరిసేవి, ఆడపిల్లలందరం గచ్చకాయలు పోగేసుకుని పార్వతమ్మగారి అరుగు మీద చేరేవాళ్లం. పార్వతమ్మగారు మా ఎదురింటావిడ. గోదావరి జిల్లా నుంచి వచ్చారు, మొగుడికి రేవులో గుమాస్తా పని. వీధి మొత్తంలో "అండీ" అనే అలవాటు ఆవిడొక్కరికే ఉండేది.

నాకు ఏడేళ్లప్పుడు, శ్రావణంలో, మా అమ్మ మూడు రోజుల జ్వరంతో పోయింది. దీన్ని ఇంకా పెద్దగా చెప్పవచ్చని నాకు తెలుసు, చెప్పేవాళ్లనీ చూశాను. కాని జరిగింది అంతే. పదకొండో రోజున మా పిన్ని, అమ్మకి చెల్లెలు, పెందుర్తి నుంచి వచ్చిన మనిషి, అందరి విస్తళ్లూ తీయించి, చేతులు కడుక్కుని, మా నాన్న ముందు కూర్చుంది.

"బావా, ఆడగుంటని మగోడు పెంచలేడు. నాకు ఇద్దరూ మగపిల్లలే. దీన్ని నాను తీసుకెల్తాను."

నాన్న తల అడ్డంగా ఊపాడు. అంతకంటే వాదించడం ఆయనకి రాదు. పిన్ని నన్ను అడగలేదు, నాన్నా అడగలేదు. ఏడేళ్ల పిల్లని అడగడమనే ఆచారం అప్పటికి ఇంకా మా వైపు రాలేదు.

పెంపకంలో అన్నం నాన్నకి కష్టం కాలేదు. వార్చేవాడు, ఒకరోజు గంజైతే ఒకరోజు రాయి, మధ్యరకం వచ్చినరోజు పండగ. కష్టమంతా జడ దగ్గర వచ్చింది. బడికి రెండు జడలు, రెండు నీలం రిబ్బన్లు ఉండాలి. నాన్న పొద్దున్నే నన్ను గడపలో కూర్చోబెట్టి, జుట్టు మూడు పేటలు చేసి, మోకాలితో నా వీపుని ఆపుకుని, సరుకు ఎత్తే తాడులాగే బిగించేవాడు. కనుబొమ్మలు రెండూ నుదుటి మీదకి ఎక్కిపోయేవి. ఆ నెలల్లో నేను ప్రపంచంలో ప్రతిదానికీ ఆశ్చర్యపోతున్నట్టు కనిపించేదాన్ని. లెక్కల మేష్టారు రెండురెళ్లు నాలుగని చెప్పి నా మొహం చూసి, అనుమానమొచ్చి మళ్లీ చెప్పేవాడు. సాయంత్రానికి తల పగిలిపోయేది. ఏడ్చేదాన్ని.

"ఏటమ్మా, ఎందుకు ఏడుత్తన్నావు?" అనేవాడు.

"నొప్పెడతంది."

"తాడు ఏడవదు గదా," అనేవాడు, నన్ను కాదు, తన చేతుల్ని చూసుకుంటూ. మర్నాడు భయపడి వదులుగా వేస్తే ప్రార్థనకి ముందే ఊడిపోయేది. ఈ రెంటి మధ్య ఒక జడ ఉంటుందని ఆయనకి తెలీదు. ఆ పైన పేలు పట్టాయి. వాటికి మాత్రం ఏ ఇబ్బందీ ఉన్నట్టు లేదు.

కార్తీకంలో ఒక సెలవురోజున "సింహాచలం ఎల్దాం" అన్నాడు. నేను సంతోషంతో పెందలాడే లేచాను. కొండకింద సంపెంగలు అమ్ముతారు, జడలో పెట్టించుకోవాలని దారిపొడవునా అనుకున్నాను. మెట్లెక్కాం, అనాసపళ్ల వాసన, కోతులు, తడిబట్టలతో దిగుతున్న జనం. పైకెళ్లాక నాన్న గుడివైపు తిరగలేదు. తలనీలాలిచ్చే సావిడివైపు తిరిగాడు. నాకు అర్థమై, గుమ్మం పట్టుకుని గట్టిగా ఏడుపు లంకించుకున్నాను. నాన్న ఒక నిమిషం నన్ను చూశాడు, గుమ్మం చూశాడు, వెనక వరుసలో ఉన్నవాళ్లని చూశాడు.

"మీ అమ్మ మొక్కుకుందమ్మా," అన్నాడు. "నీ జుట్టు అప్పన్న సామికి ఇత్తానని."

నేను వెంటనే ఏడుపు ఆపేశాను. అమ్మ పోయిన నాలుగు నెలల్లో, అమ్మ దగ్గర్నుంచి నాకు వచ్చిన మొదటి కబురు అది. పోయి పీట మీద కూర్చుని, నేనే తల వంచాను. నాన్న సంపెంగలు కొన్నాడు, పాపం, అలవాటుగా. కొన్నాక ఎక్కడ పెట్టాలో తోచక కాసేపు చేత్తో పట్టుకు నిలబడి, చివరికి నా గుప్పిట్లో పెట్టాడు. చందనం రాసిన గుండుతో, పువ్వులు పట్టుకుని, బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఇంటికొచ్చాను. దేవుడు తీసుకున్నది మా నాన్న దువ్వలేకపోయినదేనని నాకప్పుడు తెలీదు.

బడిలో నన్ను "గుండూ" అన్నారు. అందులో అబద్ధం లేదు కాబట్టి ఎదురు చెప్పలేదు. గచ్చకాయల్లో నన్ను కలుపుకోవడం మానేశారు, తలలో పేలున్న పిల్లలు పేలు లేని పిల్లని దూరంగా ఉంచడం నాకు ఇప్పటికీ అర్థంకాని విషయం. రెండో షిఫ్టు వారాల్లో నాన్న మధ్యాహ్నమే వెళ్లిపోయేవాడు. బడి నుంచి వచ్చి తాళం తీసుకుని, చల్లన్నం తిని, అరుగు మీద కూర్చుని, రేవులోకి వచ్చే ఓడల కూతలు లెక్కపెట్టేదాన్ని. దీపాలు పెట్టే వేళకి పార్వతమ్మగారు పిలిచేదాకా నాతో మాట్లాడేవాళ్లు ఉండేవాళ్లు కాదు. గుండు తడుముకునేదాన్ని. ఇది అమ్మ చెప్పిన పని, నేను చేశాను అనుకునేదాన్ని. అమ్మ కోసం ఏదో ఒకటి చేసిన మనిషిని మా ఇంట్లో నేనొక్కదాన్నే అని కొంచెం గర్వం కూడా ఉండేది.

పిన్ని వచ్చి గుండు చూసి నోరు తెరిచింది. మొక్కని చెప్పగానే మూసుకుంది. దేవుడితో ఆవిడ పేచీ పెట్టుకోదు. కాసేపాలోచించి, ఒక గడువు పెట్టింది.

"గుండుతో కొత్త బడికి ఏటి ఎల్తాది. జానెడు జుట్టు రానీ బావా, అప్పుడు తీసుకెల్తాను."

ఈసారి నాన్న తల ఊపలేదు. ఊపకపోతే ఒప్పుకున్నట్టేనని పిన్ని అనుకుంది. ఆవిడ వెళ్లాక నాన్న నేరుగా వీధి దాటి, పార్వతమ్మగారి అరుగుకి నాలుగడుగుల దూరంలో ఆగి, "అమ్మా, జడెలా ఏత్తారు?" అని అడిగాడు. నలభయ్యేళ్ల మనిషి, మీసాలతో.

నా తల మీద నేర్చుకుందామంటే తల ఖాళీగా ఉంది. పరాయి ఆడవాళ్ల జుట్టు ముట్టుకునే వీలు ఎలాగూ లేదు. అందుకని మా వరండా మేకుకి ఒక జనపనార కట్ట వేలాడదీసి, దాని ముందు నాన్న, వీధికవతల తన అరుగు మీద బియ్యంలో రాళ్లేరుకుంటూ పార్వతమ్మగారు. మధ్యలో సైకిళ్లు, మేకలు, చేపల గంపలు. పాఠమంతా కేకలతోనే.

"అలా లాగకండి అన్నయ్యగారూ, అది ఓడ కాదు."

"మరి జారిపోదాండి?"

"జారితే మళ్లీ వేసుకోవచ్చు, ఎవరూ చచ్చిపోరు. కుడిపాయ పైకి. వదలండి. ఇంకా వదలండి."

ఆ దారిన పోయే రేవు కూలీలు ఆగి చూసేవాళ్లు. "ఏటి బావా, నారకి జడేత్తన్నావేటి?" అనేవాళ్లు. నాన్న "అవును బావా, రేపు బడికి ఎల్తాది" అనేవాడు, తల తిప్పకుండా. బిగించడానికే పుట్టిన వేళ్లకి వదలడం నేర్పడం అంత తేలికైన సంగతి కాదు. మూడు నెలలు పట్టింది. ఒక కట్ట చీకిపోయి, రెండోది తెచ్చుకున్నాడు.

ఇక నా జుట్టు. నాన్న రోజూ పొద్దున్న కొబ్బరినూనె గోరువెచ్చగా చేసి పట్టించేవాడు. నేను బడి స్కేలుతో కొలుచుకునేదాన్ని. ఆయన నూనె రాసిన ప్రతిసారీ నన్ను పెందుర్తి వైపు నూలుపోగంత నెడుతున్నట్టుండేది. రాయొద్దని చెప్పలేను, ఆ చేతులు తల మీద ఉన్నంతసేపూ బాగుండేది. చెవుల దాకా వచ్చింది, మెడ దాకా వచ్చింది. మళ్లీ మళ్లీ ముంజెలొచ్చాయి. రెండో వైశాఖానికి స్కేలు మీద జానెడు తేలింది.

ఒక ఆదివారం పిన్ని వచ్చింది. పొద్దున్నే నాన్న నాకు రెండు జడలు వేశాడు. పాపిడి కాస్త కొండదారిలా వంకర పోయింది గాని, జడలు జడల్లాగే ఉన్నాయి, నా కనుబొమ్మలు వాటి చోట అవి ఉన్నాయి. పిన్ని నన్ను వెనక్కి తిప్పి, జడ పట్టుకుని లాగి చూసింది, విప్పి చూసింది, మళ్లీ అల్లింది. పప్పు తాలింపు పెడుతున్న నాన్న గరిటె పట్టుకుని అలాగే నిలబడ్డాడు. పరీక్ష రాసిన పిల్లాడు మేష్టారి ఎర్రసిరా కలం వైపు చూసినట్టు చూస్తున్నాడు.

"బాగానే ఏసినావు బావా," అంది పిన్ని. "సరే, రేపు పొద్దున్న దీన్ని తీసుకుని కొండకెల్తాను. రెండోపాలి గుండు తీయించీసి, అట్నుంచి అటే పెందుర్తి ఎలిపోతాం."

"రెండోపాలేటి?" అన్నాడు నాన్న.

"మా పుట్టింటి మొక్కు ఒక్కసారితో అయిపోద్దేటి. అప్పన్నకి మూడుపాల్లు ఇవ్వాల. నీకు తెలుసనుకున్నాను. అక్క మొక్కిందంటే మూడూ ఇచ్చీవాల, నేపోతే పిల్లకే సెడ్డది."

నాకు జడల మీద ఆశ ఉంది. అయినా ఆలోచించలేదు. "ఇచ్చెత్తాను పిన్నీ," అన్నాను. అమ్మ పని సగంలో ఆగిపోకూడదు గదా.

నాన్న గరిటె కింద పెట్టాడు. పొయ్యి మీద పోపు మాడిపోతోంది. దాన్ని దించి, వచ్చి నేల మీద కూర్చున్నాడు.

"మీ అక్క మొక్కలేదు," అన్నాడు పిన్నితో.

"ఏటి?"

"ఏ మొక్కూ నేదు. నాకు జడెయ్యడం సేతకాలేదు. పేలు పట్టీసినాయి. గుంట రోజూ ఏడుత్తంటే సూళ్లేక గుండు తీయించీసినాను. అక్కడ ఏడిసిందని దాని తల్లి పేరు సెప్పినాను."

  "అదే కదా బావా నాను మొదట్నించీ సెప్తన్నది," అంది పిన్ని. "నీకు సేత కాదని."

"అప్పుడు సేతకాలేదు," అన్నాడు నాన్న. తర్వాత నా వైపు తిరిగాడు. "తప్పయిపోయిందమ్మా. నిన్ను అడక్కుండా సేసినాను. ఇప్పుడు అడుగుతన్నాను. ఉంటావా, ఎల్తావా?"

తండ్రి పిల్లకి తప్పయిపోయిందని చెప్పడం మా వీధిలో నేనెప్పుడూ వినలేదు. వినివుంటే ఏం చేయాలో తెలిసేదేమో. నాకు జుట్టు గురించి కోపం రాలేదు.

"మరి అమ్మ నాకు ఏటీ సెప్పలేదా?" అని అడిగాను.

"నేదమ్మా," అన్నాడు నాన్న. "జ్వరంలో ఉంది. ఏటీ సెప్పలేదు."

అంటే పద్దెనిమిది నెలలు నేను మోసింది ఉత్త గుండేనన్న మాట. అమ్మ కబురు కాదు. నేను లేచి, నా బట్టలు సంచిలో కుక్కుకుని, పిన్ని పక్కన నిలబడ్డాను. "ఎల్తాను" అన్నాను. నాన్న వద్దనలేదు. దువ్వెన తెచ్చి సంచిలో పెట్టి, బస్సు దాకా వచ్చి, సంచి కిటికీలోంచి అందించాడు. మాడిన పప్పు ఆ మధ్యాహ్నం ఆయనొక్కడే తిని ఉంటాడు.

పెందుర్తిలో అప్పుడు సగం ఇళ్లు, సగం జీడితోటలు. పిన్ని మెత్తగా దువ్వేది, పాపిడి గీత గీసినట్టుండేది, మాట పడనిచ్చేది కాదు. నిష్ఠూరమాడ్డానికి ఏమీ లేదు, అదే ఇబ్బంది. ఓడ కూతలు వినపడవు. సాయంత్రాలు లెక్కపెట్టడానికి ఏమీ ఉండేది కాదు.

మొదటి ఆదివారం నాన్న సైకిలు మీద వచ్చాడు. నేను లోపలే ఉన్నాను. ఆయన గుమ్మం దాటలేదు, నన్ను రమ్మనలేదు. అరుగు మీద కూర్చుని, మంచినీళ్లు తాగి, లోపలికి వినపడేలా చెప్పాడు: "మీ అమ్మకి ఓడ కూతంటే బయం. పెళ్లయిన కొత్తలో అది కూసినప్పుడల్లా పొయ్యి ఆర్పీసేది. నెల్లాళ్లు నాను పచ్చి అన్నమే తిన్నాను." చెప్పి, లేచి వెళ్లిపోయాడు. పది మైళ్లు తొక్కుకుంటూ వచ్చింది ఆ ఒక్క మాటకి.

రెండో ఆదివారం: "మీ అమ్మకి అనాస పడదు. నాలిక పొక్కిపోయేది. అయినా తినేది." నేను తలుపు వెనకదాకా వచ్చాను.

మూడో ఆదివారం: "మీ అమ్మ నన్ను ఒకపాలి సెంబుతో కొట్టింది."

"ఎక్కడ?" అన్నాను, తలుపు వెనక నుంచే.

"ఇక్కడ." నుదుటి మీద చిన్న మచ్చ చూపించాడు. అది తాళ్ల పనిలో తగిలిందని నేననుకునేదాన్ని.

"ఎందుకు?"

"దాని మేకపిల్లని అడక్కుండా మా అన్నకి ఇచ్చీసినాను."

నాకు నవ్వొచ్చింది. నవ్వకూడదనుకున్నాను గాని వచ్చేసింది. అమ్మ అంటే అప్పటిదాకా నాకు మూలుగుతున్న దుప్పటి మాత్రమే. ఆ దుప్పటిలోంచి చెంబు పట్టుకున్న చెయ్యి ఒకటి బయటికొచ్చింది. వెళ్లి సంచి తెచ్చుకున్నాను. "ఎల్తన్నాను పిన్నీ," అంటే, పిన్ని "ఎల్లు, మీ ఇద్దరికీ తిక్కే," అంది. మొక్కు పేరుతో తనని మోసం చేసినందుకు ఆ తర్వాత రెండేళ్లు నాన్నతో మాట్లాడలేదు. మాట్లాడకుండానే ప్రతి ఏడూ బెల్లం ఆవకాయ పంపేది.

ఆ తర్వాత నాన్నకి అడగడం జబ్బులా పట్టుకుంది. చారా పులుసా, గొడుగా వద్దా, ఈ చొక్కా విప్పెయ్యనా. ఒక్కోసారి "నీ ఇష్టం నాన్నా, బతకనీ" అనేదాన్ని. పొద్దున్న జడ వేస్తున్నంతసేపూ అమ్మ గురించి ఒకటి చెప్పేవాడు, రోజుకొకటి. అమ్మ ఎడమచేత్తో చీపురు పట్టేదని, వానొస్తే ముందు పిడకలు లోపలపెట్టి తర్వాత నన్ను పెట్టేదని. చెప్పినవే కొన్ని తిరిగి వచ్చేవి, నేను పట్టుకునేదాన్ని. నాకు జడ వేసుకోవడం వచ్చాక కూడా రానట్టే ఉన్నాను. పదో తరగతిలో ఉండగా ఒకరోజు సగం జడ అల్లి ఆగాడు.

"ఇంక నేవమ్మా," అన్నాడు. "తొమ్మిదేళ్ల కాపరం, సగం షిఫ్టుల్లోనే పోయింది. ఇంకోటి సెప్పాలంటే కట్టి సెప్పాల."

నేను కట్టి చెప్పమనలేదు. ఆయన మిగతా జడ ఏమీ మాట్లాడకుండా అల్లి, రిబ్బను ముడేశాడు.

పోయిన మాఘంలో, వారం రోజుల జబ్బుతో, నాన్న పోయాడు. మల్కాపురం ఇంట్లో ఇప్పుడు ఎవరో సైకిళ్లు బాగుచేస్తున్నారు. పార్వతమ్మగారు మొగుడు రిటైరయ్యాక గోదావరి వైపు వెళ్లిపోయారు. ఆ అరుగు రోడ్డు వెడల్పులో పోయింది. ఆయన షెడ్డు తీసేశారట, సరుకంతా ఇనప పెట్టెల్లో వస్తోంది, ఇనపతాళ్లతో ఎత్తుతున్నారు. నాకు ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్నచోట టైపు కొట్టే ఉద్యోగం వచ్చింది. హాస్టల్లో నా గదిలో ఉండే అమ్మాయి కొత్తగా వచ్చింది, వాళ్ల నాన్న ఉత్తరం రాయలేదని రాత్రి భోజనం మానేస్తుంటుంది. ఆమెని ఊరుకోబెట్టడానికి రోజుకొకటి చొప్పున మా నాన్న సంగతులు చెప్పాను. నారకట్టకి జడ వేసింది, పోపు మాడ్చింది, పది మైళ్లు సైకిలు తొక్కింది.

నిన్న ఆమె, "ఇంకోటి చెప్పు," అంది. చాలాసేపు వెతికాను. ఒకటి కల్పించి చెప్పవచ్చు, ఆమెకి తెలీదు, మీకూ తెలీదు, ఇప్పుడు నన్ను పట్టుకోగలిగినవాళ్లు ఎవరూ లేరు. దీపం తీసేసి పడుకోమన్నాను.